బాక్టీరియాకు మరుపు కూడా కావాలి

ఈ పూట ఒక బాక్టీరియా గురించి మాట్లాడుకుందాం. రోగాల ఊసు చివర్లో కొంచెం వస్తుంది గానీ, ముందు దాని బతుకుతెరువు చూద్దాం. పేరు ఎషరీషియా కోలై. అందరూ ఈ.కోలై అంటారు. మన పేగుల్లోనే దాని కాపురం. పొడవు సుమారు 2 మైక్రోమీటర్లు. అంటే ఒక మిల్లీమీటరు మేర పేర్చాలంటే 500 బాక్టీరియాలు కావాలి. దానికి మెదడు లేదు, నాడులు లేవు, కళ్లు లేవు. అయినా తిండి ఉన్న వైపుకు ఈదుకుంటూ పోతుంది. గిట్టని పదార్థం తగిలితే తప్పుకుంటుంది. రెండు మూడు సెకన్ల కిందట తాను ఎలాంటి చోట ఉందో కూడా దానికి గుర్తుంటుంది. మెదడే లేని జీవికి ఆ గుర్తు ఎక్కడ నిలుస్తుంది? దేనితో తయారవుతుంది? పని తీరాక ఎలా చెరిగిపోతుంది? ఈ ప్రసంగంలో చాలా భాగం ఈ ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రం చదివినవాళ్లకు ఒక పాఠం గుర్తుండే ఉంటుంది. డీఎన్‌ఏలో రాసి ఉన్న సమాచారం ఆర్‌ఎన్‌ఏలోకి వస్తుంది, ఆర్‌ఎన్‌ఏను చదివి రైబోజోములు అమైనో ఆమ్లాలను వరసగా కలిపి ప్రోటీన్‌ను తయారుచేస్తాయి. పాఠం అక్కడితో ముగుస్తుంది. పరీక్షకు అది సరిపోతుంది కూడా. కానీ కణానికి సరిపోదు. ప్రోటీన్ తయారయ్యాక దాని మీద ఇంకా చాలా పని జరుగుతుంది. గొలుసులోని ఫలానా అమైనో ఆమ్లానికి ఒక ఫాస్ఫేటో, ఒక మిథైలో, ఒక ఎసిటైలో వచ్చి తగులుకుంటుంది. కొన్నిసార్లు కొవ్వు తగులుతుంది, కొన్నిసార్లు చక్కెర. ఇవన్నీ ఎంజైములు ఏరికోరి చేసే పనులు. చాలావాటిని మళ్లీ తీసేసే ఎంజైములు కూడా ఉన్నాయి. తగిలించడం గురించి అందరూ చెబుతారు. తీసేయడం గురించి తక్కువగా చెబుతారు. నాకైతే ఆ రెండో పనే ఎక్కువ ఆసక్తికరంగా కనిపిస్తుంది.

ఇంతకీ ఈ అవస్థ ఎందుకు? పని మారినప్పుడల్లా కొత్త ప్రోటీన్ చేసుకోవచ్చు కదా అంటారేమో. టైము చాలదు. ఈ.కోలైలో రైబోజోము సెకనుకు 15, 20 అమైనో ఆమ్లాలను కలపగలదు. అంతకంటే వేగం దాని వల్ల కాదు. 300 అమైనో ఆమ్లాలున్న మామూలు సైజు ప్రోటీన్‌కు గొలుసు కట్టడానికే 15, 20 సెకన్లు పడుతుంది. జన్యువును మేల్కొలిపి, ఆర్‌ఎన్‌ఏ రాయించి, తగినన్ని ప్రోటీన్లు పోగయ్యేసరికి నిమిషాలు గడుస్తాయి. ఈలోపు మన బాక్టీరియా ఊరుకోదు. సెకనుకు 20, 30 మైక్రోమీటర్ల చొప్పున, అంటే తన ఒంటి పొడవుకు పది రెట్లకు పైగా ఈదేస్తుంది. ప్రోటీన్ చేతికొచ్చేసరికి అది ఇంకెక్కడో ఉంటుంది. అందుకే కొత్తది చేయడం మాని, ఉన్నదాన్నే మారుస్తుంది. ఒక ఈ.కోలై కణంలో 20 లక్షల నుంచి 40 లక్షల దాకా ప్రోటీన్ అణువులుంటాయని అంచనా. సరుకు సిద్ధంగా ఉంది. ఏ అణువు ఇప్పుడు పని చేయాలి, ఏది ఆగాలి అన్నదే తేలాలి.

ఫాస్ఫేట్‌నే తీసుకోండి. అది తగులుకుంటే ప్రోటీన్ బరువు 80 డాల్టన్లు పెరుగుతుంది. వేలల్లో, పదివేలల్లో ఉండే ప్రోటీన్ బరువు ముందు అది లెక్కలోకి కూడా రాదు. కానీ ఫాస్ఫేట్ తనతో రుణావేశాన్ని మోసుకొస్తుంది. అప్పటిదాకా ఆవేశం లేని చోట ఒక్కసారిగా రుణావేశం వచ్చి కూర్చుంటే చుట్టుపక్కల అమైనో ఆమ్లాలు సర్దుకోవాల్సి వస్తుంది. కొన్ని దగ్గరికి జరుగుతాయి, కొన్ని దూరం జరుగుతాయి. ప్రోటీన్ ఆకారం మారుతుంది. ఆకారం మారితే పని మారుతుంది.

ఆ ఫాస్ఫేట్ ఎక్కడి నుంచి వస్తుంది? సాధారణంగా కణానికి శక్తిని అందించే ఏటీపీ అనే అణువు నుంచి. ఏటీపీ పేరు తలిస్తే మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావును తలుచుకోకుండా ముందుకు పోలేం. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి, ద్రావణంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని ఆయన ప్రచురించారు. 1929లో వాళ్లిద్దరూ కండరంలో ఏటీపీని కనిపెట్టారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్నే కనుగొన్నాడు. సుబ్బారావు చూసింది జంతువుల కండరాల్లో. ఏటీపీ మాత్రం బాక్టీరియా నుంచి మనిషి దాకా ఒకటే. ఇప్పుడు చెప్పబోయే సంగతుల్లో ఫాస్ఫేట్ అన్న మాట వచ్చిన ప్రతిచోటా అది ఏటీపీ దగ్గర నుంచి బయలుదేరినదే.

ఇక మన ఈదే బాక్టీరియా దగ్గరికి వద్దాం. 1960లలో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జూలియస్ ఆడ్లర్ అనే జీవరసాయన శాస్త్రవేత్త ఒక పాత సంగతిని మళ్లీ తవ్వాడు. బాక్టీరియాలు మాంసరసం ఉన్న సన్నటి గాజుగొట్టంలోకి గుంపుగా చేరతాయని 1880లలోనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త విల్‌హెల్మ్ ఫెఫర్ చూపించాడు. ఎందుకు చేరతాయో ఎనభై ఏళ్లు గడిచినా సరిగా తెలియలేదు. తిండి కడుపులోకి వెళ్లి బలం వచ్చాక అటు పోతుందా, లేక ముందే రుచి తెలిసి పోతుందా? ఆడ్లర్ తెలివైన పరీక్ష పెట్టాడు. గాలాక్టోజ్ చక్కెరను అరిగించుకోలేని ఉత్పరివర్తిత బాక్టీరియాలను తీసుకున్నాడు. ఆ చక్కెర వాటికి ఎందుకూ పనికిరాదు. అయినా అవి గాలాక్టోజ్ వైపు ఈదాయి. అంటే కణం పైభాగంలో రుచి చూసే ప్రోటీన్లు వేరే ఉన్నాయన్నమాట. వాటిని ఇప్పుడు రిసెప్టర్లు అంటున్నాం. ఈ ఫలితాలు 1969లో అచ్చయ్యాయి.

ఆయన ఇంకో చిత్రం కూడా గమనించాడు. మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం అందకపోతే బాక్టీరియాలు ఈదుతాయి గానీ తిండి వైపు పోలేవు. ఈత వచ్చు, దిశ తెలియదు. ప్రోటీన్ తయారీకి 20 రకాల అమైనో ఆమ్లాలు కావాలి, మరి ఈ ఒక్కదానికే ఎందుకీ ప్రత్యేకత? జవాబు రావడానికి కొన్నేళ్లు పట్టింది. అదేమిటో చెప్పేముందు ఈత సంగతి కొంచెం చూడాలి.

1970ల మొదట్లో హోవర్డ్ బర్గ్ ఒక ప్రత్యేకమైన మైక్రోస్కోపు కట్టాడు. బాక్టీరియా ఎటు కదిలితే అటు దాని కింది వేదిక కదిలి, ఆ ఒక్క కణాన్నే చూపులో నిలిపి ఉంచుతుంది. దానితో చూస్తే ఈ.కోలై ఈతలో రెండే భంగిమలు తేలాయి. సుమారు ఒక సెకను తిన్నగా పరుగు, తర్వాత సెకనులో పదో వంతు సేపు ఒక పల్టీ. పల్టీ అయ్యాక ఎటు తిరిగి ఉంటే అటు మళ్లీ పరుగు. ఆ దిశను అది ఎంచుకోలేదు. అలా జరిగిపోతుంది, అంతే. ఒంటి చుట్టూ తోకల్లా ఉన్న నాలుగైదు కశాభాలు గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో తిరిగితే అన్నీ జడలా కలిసిపోయి ఒంటిని ముందుకు తోస్తాయి. సవ్యదిశకు మళ్లితే జడ విడిపోయి పల్టీ. కశాభం కొరడాలా ఆడుతుందని చాలాకాలం అనుకున్నారు. అది నిజంగానే మోటారులా గిరగిరా, సెకనుకు 100 చుట్ల లెక్కన తిరుగుతుందని 1970ల మొదట్లో తేలింది.

మరి దిశ ఎంచుకోలేని జీవి తిండిని ఎలా చేరుతుంది? పరిస్థితి మెరుగవుతుంటే పల్టీని వాయిదా వేస్తుంది. మంచి దిశలో పరుగు కాస్త పొడుగవుతుంది. అంతే, అది చాలు. కానీ మెరుగవుతోందని తెలియాలంటే పోల్చి చూడాలి. రెండు మైక్రోమీటర్ల ఒంటికి ముందు కొసకూ వెనక కొసకూ మధ్య తేడా చాలా తక్కువ. కళ్లు మూసుకుని వీధిలో నడుస్తూ పోపు వాసన ఏ ఇంట్లోంచి వస్తోందో పట్టుకోవాలంటే మనం ఏం చేస్తాం? రెండు ముక్కు రంధ్రాలు సరిపోల్చి చెప్పలేం. నాలుగడుగులు వేసి, ఇందాకటికంటే వాసన పెరిగిందా తగ్గిందా అని చూస్తాం. బాక్టీరియా చేసేదీ అదే. 1972లో బర్క్‌లీలో మాక్‌నాబ్, కోష్‌లాండ్ ఈ సంగతి రుజువు చేశారు. బాక్టీరియాలను ఉన్నపళంగా సెరీన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువున్న ద్రావణంలో కలిపారు. చుట్టూ ఎటు చూసినా సెరీన్ ఒకేలా ఉంది, ఏ వైపూ ఎక్కువ లేదు. అయినా అవి కాసేపు పల్టీలు మాని తిన్నగా ఈదాయి, తర్వాత మామూలు స్థితికి వచ్చాయి. ఇప్పటిని ఇందాకటితో పోల్చుకుంటే తప్ప అది సాధ్యం కాదు.

అలా చూస్తే ఇందాకటి సంగతి ఎక్కడో నిలిచి ఉండాలి. 1975లో ఆడ్లర్ బృందం దాన్ని పట్టుకుంది. కణత్వచంలోని ఆ రిసెప్టర్ ప్రోటీన్ల మీద మిథైల్ గుంపులు తగులుకుని ఉన్నాయి. ఒక కర్బన పరమాణువు, మూడు హైడ్రోజన్లు, అంతే మిథైల్ అంటే. అది మిథియోనిన్ నుంచి తయారయ్యే ఎస్-ఎడినోసిల్ మిథియోనిన్ అనే పదార్థం నుంచి వస్తుంది. మిథియోనిన్ లేకపోతే దిశ ఎందుకు తెలియదో అప్పుడు అర్థమైంది. జ్ఞాపకం రాసుకోవడానికి సరుకు లేదు.

యంత్రాంగం ఇలా నడుస్తుంది. పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, వరస వింటే చాలు. రిసెప్టర్ లోపలి కొసకు కీ-ఎ అనే ఎంజైము ఆనుకుని ఉంటుంది. అది ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేట్ తీసుకుని తనలోని హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లానికి తగిలించుకుంటుంది. దాన్ని వెంటనే కీ-వై అనే చిన్న ప్రోటీన్‌కు అందిస్తుంది. కీ-వైలో 57వ స్థానంలో ఉన్న ఆస్పార్టేట్ దాన్ని అందుకుంటుంది. ఫాస్ఫేట్ తగిలిన కీ-వై కణంలో కొట్టుకుంటూ పోయి కశాభం మోటారుకు అతుక్కుంటుంది. మోటారు దిశ మార్చుకుంటుంది. పల్టీ! ఇప్పుడు రిసెప్టర్‌కు తిండి తగిలిందనుకోండి. కీ-ఎ మందగిస్తుంది. కీ-వైకి ఫాస్ఫేట్ అందదు. పల్టీ వాయిదా పడి పరుగు సాగుతుంది. ఇదంతా సెకనులో ఐదో వంతు సేపట్లో జరిగిపోతుంది.

ఇక్కడే నాకు బాగా నచ్చిన ఘట్టం ఉంది. పరుగు సాగాలంటే అప్పటికే ఫాస్ఫేట్ తగిలి ఉన్న కీ-వైలు వెంటనే దాన్ని వదిలించుకోవాలి. దాని మానాన దాన్ని వదిలేస్తే ఆ ఫాస్ఫేట్ ఊడటానికి పది ఇరవై సెకన్లు పడుతుంది. అంతసేపట్లో బాక్టీరియా పదిసార్లు అనవసరంగా పల్టీ కొట్టేస్తుంది. అందుకని కీ-జెడ్ అనే ఇంకో ప్రోటీన్ ఉంది. దాని పనల్లా ఆ ఫాస్ఫేట్‌ను తీసేయడమే. కీ-జెడ్ పాడైన బాక్టీరియాలు ఎడతెగకుండా పల్టీలు కొడుతూ ఉన్నచోటే ఉండిపోతాయి. కబురు అందడం ఎంత ముఖ్యమో, పాత కబురు చెరిగిపోవడం వాటికి అంత ముఖ్యం.

మిథైల్ కథ దీనికంటే నిదానం. కీ-ఆర్ అనే ఎంజైము తనమానాన తాను రిసెప్టర్ల మీద మిథైల్ తగిలిస్తూ ఉంటుంది. కీ-బి అనేది వాటిని తీసేస్తూ ఉంటుంది. చమత్కారం ఏమిటంటే, కీ-బి చురుకుగా ఉండాలంటే దానికీ కీ-ఎ దగ్గర నుంచి ఫాస్ఫేట్ రావాలి. తిండి తగిలి కీ-ఎ మందగించగానే తీసేసేవాడు నెమ్మదిస్తాడు, తగిలించేవాడు మాత్రం ఆగడు. రిసెప్టర్ మీద మిథైళ్లు పెరుగుతాయి. మిథైళ్లు పెరిగిన రిసెప్టర్ తిండి తగులుతున్నా సరే కీ-ఎను మళ్లీ పనిలో పెడుతుంది. పల్టీలు మామూలుకు వస్తాయి. అంటే ఈ స్థాయి తిండికి బాక్టీరియా అలవాటు పడింది. ఇంకా ఎక్కువ దొరికితేనే ఇక దానికి చలనం. తిండి తగ్గితే ఇదంతా తిరగబడుతుంది. పెరిగి ఉన్న మిథైళ్ల వల్ల కీ-ఎ చెలరేగుతుంది, పల్టీలు ఎక్కువవుతాయి, కీ-బి చురుకై మిథైళ్లను తీసేస్తుంది. ఈ మిథైళ్ల లెక్క సెకన్లు వెనకబడి ఉంటుంది. ఆ వెనకబాటే జ్ఞాపకం. కొద్ది సెకన్ల కిందట ఎంత తిండి ఉండేదో రిసెప్టర్ మీద ఉన్న మిథైళ్ల సంఖ్య చెబుతుంది. ఇప్పుడు ఎంత ఉందో అదే రిసెప్టర్ బయటి కొస చెబుతుంది. రెండూ ఒకే ప్రోటీన్‌లో కలుస్తాయి.

తీసేసిన మిథైల్ ఏమవుతుందని కూడా ఆడ్లర్ ప్రయోగశాలలో వెతికారు. 1979లో దొరికింది. అది మిథనాల్‌గా మారి బయటపడుతుంది. బాక్టీరియా ఒక సంగతి మరిచిపోయినప్పుడల్లా ఒక మిథనాల్ అణువు విడుదల అవుతుందన్నమాట. ఇంకో చిన్న సంగతి. ఆస్పార్టేట్‌ను గుర్తించే రిసెప్టర్ మీద మిథైల్ తగిలే చోట్లు నాలుగు. అవన్నీ గ్లుటమేట్లు కావాలి. కానీ జన్యువులో వాటిలో రెండు చోట్ల గ్లుటమిన్ అని ఉంటుంది. ప్రోటీన్ తయారయ్యాక ఆ రెంటినీ గ్లుటమేట్‌గా మార్చేది కూడా కీ-బినే. జన్యువు చదివి ప్రోటీన్ ఇదీ అని తేల్చేసే మనకు ఇది ఒక హెచ్చరిక.

ఫాస్ఫేట్ భాగం మాత్రం చాలా ఆలస్యంగా, 1988లో, కాలిఫోర్నియాలో మెల్విన్ సైమన్ బృందం కృషితో స్పష్టమైంది. ఆలస్యానికి ఒక కారణం చెప్పుకోవాలి. జంతు కణాల్లో ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ తగలడాన్ని ఎడ్విన్ క్రెబ్స్, ఎడ్మండ్ ఫిషర్ 1955లోనే చూపించారు. 1992లో దానికి నోబెల్ కూడా వచ్చింది. బాక్టీరియాల్లో ఇలాంటిది లేదని చాలామంది చాలాకాలం నమ్మారు. నిజానికి ప్రయోగశాలల్లో ప్రోటీన్లను వేరుచేయడానికి ఆమ్లం వాడటం మామూలు. సెరీన్‌కు తగిలిన ఫాస్ఫేట్ ఆమ్లాన్ని తట్టుకుంటుంది. హిస్టిడిన్‌కు తగిలినది తట్టుకోలేక ఊడిపోతుంది. ఉన్నదాన్ని చేతులారా కడిగేసి, లేదని రాసుకున్నారు. 1979లో గార్నాక్, రీవ్స్ ఈ.కోలైలో ఐసోసిట్రేట్ డీహైడ్రోజినేస్ అనే ఎంజైముకు ఫాస్ఫేట్ తగలడాన్ని చూపించారు. అది సెరీన్ మీద ఉండబట్టి దొరికిపోయింది.

ఈదే బాక్టీరియా దగ్గరే చాలాసేపు ఉండిపోయాం. మిగతావి త్వరగా చెబుతాను, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి మన రైతులకు సంబంధించింది.

1960ల రెండో సగంలో అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలో ఎర్ల్ స్టాట్‌మన్ బృందం గ్లుటమిన్ సింథటేస్ అనే ఎంజైమును పరిశీలించింది. అమ్మోనియాను జీర్ణం చేసుకుని అమైనో ఆమ్లాలలోకి చేర్చే ఎంజైము అది. పన్నెండు ఒకేరకం ముక్కలు కలిసి తయారవుతుంది. చుట్టూ నత్రజని పుష్కలంగా ఉంటే ఒక్కో ముక్కకు ఏఎంపీ అనే పెద్ద గుంపు తగులుతుంది, ఆ ముక్క పని ఆపేస్తుంది. పన్నెండింటిలో ఎన్నింటికైనా తగలవచ్చు కాబట్టి బాక్టీరియా తన ఉత్పత్తిని మెట్టుమెట్టుగా తగ్గించుకోగలదు. నత్రజని కరువైతే ఆ ఏఎంపీలను తీసేస్తుంది. తగిలించేదీ తీసేదీ ఒకే ఎంజైము కావడం ఇందులోని విశేషం.

ఇక రైతుల సంగతి. వరికి, జొన్నకు, మొక్కజొన్నకు, చెరకుకు వేసే జీవన ఎరువుల్లో అజోస్పైరిల్లం ప్యాకెట్లు మన దగ్గర బాగా పరిచయమే. ఆ బాక్టీరియా గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మారుస్తుంది. చేసే ఎంజైము నైట్రోజినేస్. ఈ పని చాలా ఖరీదు. ఒక్క నత్రజని అణువును విడగొట్టడానికి కనీసం 16 ఏటీపీలు ఖర్చవుతాయి. అందుకని బయట అమ్మోనియా దొరుకుతుంటే అజోస్పైరిల్లం ఖర్చు పెట్టదు. అమ్మోనియం లవణం కలిపిన కాసేపటికే నైట్రోజినేస్‌లోని ఒక భాగానికి ఏడీపీ-రైబోస్ అనే గుంపు తగిలి అది ఆగిపోతుంది. అమ్మోనియం వాడుకోవడం పూర్తయ్యాక మరో ఎంజైము వచ్చి దాన్ని తీసేస్తుంది, పని మళ్లీ మొదలవుతుంది. నైట్రోజినేస్ చెక్కుచెదరదు, కొత్తగా చేయనక్కర్లేదు. అన్ని బాక్టీరియాలూ ఇలా చేయవు. ఉదాహరణకు క్లెబ్సియెల్లా అనే బాక్టీరియాకు ఈ తగిలింపు లేదు. జీవన ఎరువును యూరియాతో కలిపి చల్లవద్దని వ్యవసాయ అధికారులు చెప్పడానికి రసాయన ఎరువుల ఉప్పుదనం ఒక కారణమైతే, నత్రజని ఎదురుగా ఉన్నప్పుడు ఈ బాక్టీరియా పని మానేయడం ఇంకో కారణం. చచ్చిపోకపోయినా ఊరికే కూర్చుంటుంది.

ఆస్పత్రి సంగతులు రెండు. మధుమేహానికి వాడే మానవ ఇన్సులిన్‌ను ఈ.కోలైలో తయారుచేయడం 1982లో అమెరికాలో అనుమతి పొందింది. ఇన్సులిన్‌కు చక్కెర గుంపుల అలంకరణ అక్కర్లేదు కాబట్టి అది సాధ్యమైంది. గంధకం ముడులు మాత్రం తర్వాత విడిగా వేయాలి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి రక్తం పట్టడానికి ఇచ్చే ఎరిత్రోపోయిటిన్ అలా కాదు. దాని బరువులో ఐదింట రెండు వంతుల దాకా చక్కెరలే. మామూలు ఈ.కోలైకి ఆ పని చేతకాదు. అందుకే దాన్ని చైనా చిట్టెలుక అండాశయ కణాల్లో పెంచుతారు. మందు ఖరీదులో కొంత ఈ తేడాది. అలాగని బాక్టీరియాలకు చక్కెర తగిలించడమే రాదనుకోకూడదు. అతిసారం తెచ్చే కాంపైలోబాక్టర్‌కు వచ్చు. దాని పనిముట్లను 2002లో స్విట్జర్లాండ్ పరిశోధకులు ఈ.కోలైలోకి చేర్చి దానికీ నేర్పారు.

రెండోది యాంటీబయాటిక్‌లకు లొంగకపోవడం. హిస్టిడిన్ నుంచి ఆస్పార్టేట్‌కు ఫాస్ఫేట్ అందించుకునే ఏర్పాటు ఒక్క ఈతకే పరిమితం కాదు. ఒక్క ఈ.కోలైలోనే ఇలాంటి జంటలు ముప్ఫై దాకా ఉన్నాయి. వాంకోమైసిన్‌కు లొంగని ఎంటరోకాకస్‌లో ఒక జంట ఆ మందు వాసన పసిగట్టి, కణకవచం ఇటుకలనే మార్చే జన్యువులను లేపుతుంది. క్షయ బాక్టీరియా ఆక్సిజన్ అందని చోట ఏళ్ల తరబడి మగతలో పడి ఉండటానికి కూడా ఇలాంటి జంట ఒకటి తోడ్పడుతుంది. దాని మీద ఢిల్లీలోని ఎయిమ్స్‌లో జయా శివస్వామి త్యాగి బృందం చాలా ఏళ్లు పనిచేసింది. మన కణాల్లో ఈ ఏర్పాటు లేదు. అంటే దీన్ని దెబ్బతీసే మందు మనకు హాని చేయకుండా బాక్టీరియానే పట్టుకోవచ్చు. ఆలోచన బాగుంది, పాతికేళ్లకు పైగా వెతుకుతున్నారు. ఈ దారిలో తయారైన మందు రోగి చేతికి ఇంకా అందలేదు.

చివరగా డిగ్రీలో మైక్రోబయాలజీ చదువుతున్న పిల్లలకు, పాఠం చెబుతున్న అధ్యాపకులకు ఒక మనవి. ఆడ్లర్ చేసిన గాజుగొట్టం ప్రయోగానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. ప్రయోగశాలల కోసం పెంచే హానిలేని, బాగా ఈదే కె-12 రకం ఈ.కోలైని తీసుకోండి. కల్చర్ లేతగా ఉండాలి, ముదిరితే ఈత మానేస్తాయి. గట్టిగా కుదపకండి, కశాభాలు విరిగిపోతాయి. పాత ఆహారం పోయేలా బఫర్‌తో నెమ్మదిగా కడగండి. ఒక సన్నటి గొట్టంలో పలుచని ఆస్పార్టేట్ ద్రావణం, ఇంకో దానిలో ఉత్త బఫర్ నింపి, రెంటినీ బాక్టీరియా ఉన్న ద్రవంలోకి దింపి 30 డిగ్రీల దగ్గర ఒక గంట ఉంచండి. తర్వాత గొట్టాల్లోని ద్రవాన్ని విడివిడిగా అగార్ మీద పరిచి, మర్నాడు కాలనీలు లెక్కపెట్టండి. ముందు ఉత్త బఫర్ లెక్క రాసుకోండి. అది లేకుండా రెండో లెక్కకు విలువ లేదు.